దువ్విన ఒడ్డు

ఎడమ పాదానికి నాలుగే వేళ్ళున్న ఆ అడుగుల్ని వలలక్క తన చేతులతోనే చెరిపేసింది.

అప్పుడే తెల్లవారుతోంది. ఇసుక ఇంకా తడిగా ఉంది. ఆడవాళ్ళంతా నీలం టోపీలు పెట్టుకుని వరసగా ఒడ్డును దువ్వుతున్నారు. దువ్వడమంటే దువ్వడమే. ఇనుప పళ్ళున్న పొడుగాటి కర్రలు ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చారు. వాటి అసలు పేరు నోరు తిరగక ఆడవాళ్ళు దువ్వెనలన్నారు. ముందు నడిచేవాళ్ళు చచ్చిన చేపల్ని, చెత్తనీ సంచుల్లోకి ఎత్తితే, వెనక వచ్చేవాళ్ళు ఇసుకను గీతలు గీతలుగా దువ్వేవాళ్ళు. పని ముగిసేసరికి అక్కడ ఎన్నడూ ఎవరూ బతకలేదన్నంత శుభ్రంగా ఉండేది.

ఆ రోజు ఎవరో పెద్దవాళ్ళు చూడవస్తున్నారని సూపర్‌వైజర్ నిప్పులమీద నిలబడ్డట్టు తొందరపెడుతున్నాడు. వలలక్క ఆ అడుగుల్ని చూసింది, పోల్చుకుంది కూడా. చిన్నప్పుడు లంగరు మీదపడి చిటికెన వేలు తెగిపోయిన పాదం అది. ఆ గాయానికి కట్టు కట్టింది తనే. తమ్ముడు ఇంత పొద్దున్నే నిద్రలేచాడంటే వింతేనని లోలోపల నవ్వుకుంది. నవ్వుకుంటూనే దువ్వెన లాగింది. అడుగులన్నీ నీళ్ళవైపే ఉన్నాయనీ, తిరిగొచ్చినవి లేవనీ ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఊరి పక్కనే రంగుల ఫ్యాక్టరీ. అది కక్కిన నీళ్ళన్నీ ఇసుక కింద వేసిన పైపులోంచి సముద్రంలోకి పోతాయి. పైపు మూతి ఎక్కడుందో తెలియడానికి నీళ్ళలో ఒక సిమెంటు దిమ్మె కట్టారు. ఫ్యాక్టరీ వచ్చాక చేపలు దూరమయ్యాయి, పడవలు ఒడ్డున ఎండిపోయాయి. జనం గొణగడం మొదలుపెట్టగానే యజమానులు పైపు మూయలేదు, బడి తెరిచారు. తీర విజ్ఞాన కేంద్రమని బోర్డు కట్టి, గోడలకు రంగులేసి, పట్నం నుంచి ఒక మేడమ్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. సముద్రం ఎందుకు చచ్చిపోతోందో ఆమె బొమ్మలు చూపించి చెప్పేది. సబ్బు కాగితాల వల్ల, పాల కవర్ల వల్ల, మన అజాగ్రత్త వల్ల. మన అనే మాట ఆమె నోట ఎంత మెత్తగా వచ్చేదంటే, ఆడవాళ్ళు సిగ్గుతో తలలు వంచుకునేవాళ్ళు. తప్పు దిద్దుకోవడానికి స్వచ్ఛందంగా ముందుకు రమ్మంది. వచ్చారు. టోపీ ఇచ్చారు, బనీను ఇచ్చారు, తీర మిత్రులని పేరిచ్చారు. జీతం ఊసెత్తితే మాత్రం, సేవకు వెల కడతారా అని నొచ్చుకున్నారు. ఎంత సున్నితమైన మనసులో చూడండి.

మధ్యాహ్నమైనా తమ్ముడు ఇంటికి రాలేదు. మరదలు చంటిపిల్లను చంకనేసుకుని, వలలక్క వలలు బాగుచేస్తున్న పాకకు వచ్చింది. పైపు మూతికి పాత వలలు చుట్టుకుని నీళ్ళు పోవడం లేదట. మునిగి, మూతిలోకి దూరి వాటిని కోసేస్తే ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని సూపర్‌వైజర్ పిలిచాడట. చీకటితోనే పోయాడట.

"నీకేమన్నా కనపడ్డాడా వదినా?" అని అడిగింది మరదలు.

చేతిలో వల అలాగే ఉండిపోయింది. లేదన్నట్టు తలూపింది. ఆ తల ఊపడం ఒక్కటే ఆమెను తర్వాత రోజుల్లో నమిలి మింగింది.

ఇద్దరూ ఫ్యాక్టరీ గేటు దగ్గరకు పరుగెత్తారు. తాము ఎవర్నీ నీళ్ళలోకి దింపలేదని సూపర్‌వైజర్ చేతులు దులుపుకున్నాడు. అసలు ఆ మనిషి తమ మనిషే కాదన్నాడు. స్టేషన్లో ఎస్సై కాస్త మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ కూడా చూపించాడు.

"నీళ్ళలోకి దిగాడనడానికి ఆనవాలేదన్నా ఉందామ్మా? చెప్పులో, చొక్కానో? పోనీ ఇసుకలో అడుగులన్నా?"

మరదలు వలలక్క వైపు చూసింది. వలలక్క నేలవైపు చూసింది.

పడవలవాళ్ళు దిమ్మె చుట్టూ వెతికారు. గాలాలు వేసి లాగారు. ఏమీ తగల్లేదు. మర్నాటికల్లా పైపు మళ్ళీ పారింది. దిమ్మె చుట్టూ నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతూ ఒడ్డుదాకా వచ్చాయి. ఆ ఎరుపు చూసి ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ ఒకటే తోచింది. పోయినవాడు పని పూర్తిచేసే పోయాడు.

వలలక్కకు ఇసుక మీద నడవాలంటే భయం పట్టుకుంది. ఎక్కడ పల్లం కనపడితే అక్కడ నాలుగు వేళ్ళు కనపడేవి. వెనక ఎవరో తడికాళ్ళతో నడుస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే దువ్విన గీతలు తప్ప ఏమీ ఉండేవి కావు. అయినా పొద్దున్నే దువ్వెన పట్టుకుని పోయేది. మానేస్తే ఎందుకని అడుగుతారని భయం. దువ్వగా దువ్వగా ఆ అడుగులు మళ్ళీ పైకి తేలతాయేమోనని పిచ్చి ఆశ. ఇంట్లో వల ముందేసుకుంటే ముడి పడేది కాదు. మరదలు అన్నం పెడితే తినేది గానీ పెట్టే మనిషి మొహంలోకి చూడలేకపోయేది.

ఆ వారం కూడా విజ్ఞాన కేంద్రంలో పాఠం జరిగింది. మనిషి పోయాడని పాఠం ఆగుతుందా? గోడ నిండా తీరం బొమ్మ. పడవలు, పక్షులు, పీతలు, మెడకు కవరు చుట్టుకున్న తాబేలు. మేడమ్ కర్రతో ఒక్కొక్కటీ చూపిస్తోంది. ఎప్పుడూ ఆ గడప తొక్కని మరదలు వచ్చి వెనక వరసలో కూర్చుంది. కాసేపు విని లేచి నిలబడింది.

"ఇందులో పైపేది మేడమ్?"

మేడమ్ బొమ్మవైపు తిరిగింది. ఇన్నాళ్ళుగా తాను చూపిస్తున్న బొమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. అది పాఠంలో లేదని నీళ్ళు నమిలింది.

"మా ఆయన అందులోకే దిగాడు" అని మరదలు కూర్చుంది.

మేడమ్ గొంతు సవరించుకుని, వచ్చే వారం మన తీరానికి అవార్డు ఇవ్వడానికి పెద్దలు వస్తున్నారనీ, ఒడ్డు అద్దంలా మెరవాలనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు పాఠంలో లేని చోటే తచ్చాడింది.

ఆ మధ్యాహ్నమే వలల పాకలో ఊరు కూడింది. పిలిచింది సమ్మె మామ. ఒకప్పుడు బట్టల మిల్లులో పనిచేసి, సమ్మెలో జైలుకు పోయి, మిల్లు మూతపడ్డాక ఊరొచ్చి టీ కొట్టు పెట్టుకున్న మనిషి. టీలో చక్కెర తగ్గిందంటే దానికీ సమ్మె చెయ్యమంటాడని ఊరి వేళాకోళం. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఫ్యాక్టరీతో తగువు వద్దన్నాడు పెద్ద పడవాయన. అందరికంటే పెద్ద పడవ ఆయనదే, ఇప్పుడది ఫ్యాక్టరీ సామాను మోస్తోంది. పోయినవాడు ఎలాగూ రాడు, మన పిల్లలకు రేపు ఆ గేటులోనే పని దొరకాలి అని ఆయన వాదన. కొందరు తలలూపారు కూడా. తప్పు పట్టలేం, ఆకలి అలాంటిది.

"ఎవరూ దిగలేదంటున్నారు కదా" అన్నాడు సమ్మె మామ. "మరి పైపు తెరిచిందెవరు? చేపలా?"

"నిజమే కావచ్చు. ఆనవాలేదీ?" అన్నాడు పెద్ద పడవాయన.

మళ్ళీ అదే మాట. వలలక్క చెవుల్లో సముద్రం హోరెత్తింది. ఆమె లేచింది. పాక గుంజ పట్టుకుని నిలబడింది.

"ఆనవాలు ఉంది. నేను చూశాను" అంది. "నాలుగు వేళ్ళ పాదం. నేనే దువ్వేశాను."

మరదలు చంటిపిల్లను పక్కావిడ ఒళ్ళో పెట్టి మెల్లగా వచ్చి వలలక్క ఎదుట నిలబడింది. కొడుతుందనుకున్నారు. కొడితే బాగుండునని వలలక్క కూడా అనుకుంది.

"ఎటు తిరిగున్నాయి వదినా?"

"నీళ్ళవైపు."

"వెనక్కొచ్చినవి?"

"లేవు."

మరదలు కళ్ళు మూసుకుంది. అప్పటిదాకా ఆమె మనసులో ఎక్కడో ఒక మూల, అతను ఏ ఊరికో పోయి ఉంటాడని నమ్ముకుంటూ ఉంది. ఆ నమ్మకం కాస్తా అక్కడే, అందరిముందూ పోయింది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చింది ఎండుచేపలమ్మే పిన్నికి. ఆమె టోపీ తీసి నేలకేసి కొట్టింది.

"ఆ పొద్దున ఇసుకలో ప్లాస్టిక్ చెప్పుల జత ఉంది. పక్కనే మడతపెట్టిన చొక్కా. చెత్తనుకుని నేనే సంచిలో వేశాను. ప్లాస్టిక్ సముద్రానికి విషమని చెప్పారు కదే మనకి!"

ఇక ఆగలేదు. తెగిన తాడు ముక్క ఎత్తానని ఒకామె అంది. రోజూ చచ్చిన చేపల్ని బుట్టలతో తీసుకుపోయి పాతిపెడుతున్నది తానేనని, అవి ఎందుకు చచ్చాయని ఒక్కసారీ అడగలేదని ఇంకొకామె అంది. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. ఒడ్డు మీద ఫ్యాక్టరీ చేసిన పాపమంతా వాళ్ళ చేతులమీదుగానే మాయమైంది. అదీ ఉచితంగా, తెల్లవారుజామున, సిగ్గుతో.

మరదలు వలలక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వొక్కదానివే చెరపలేదు వదినా. మనందరిచేతా చెరిపించారు. ఇక చెరపొద్దు."

అయితే సమ్మేనా అని ఎవరో అన్నారు. అందరూ సమ్మె మామ వైపు చూశారు. జీవితమంతా ఆ మాట కోసమే బతికిన మనిషి, తీరా అది నోటిముందుకు వచ్చేసరికి తల గోక్కున్నాడు. జీతం లేని పనికి సమ్మె చేసినట్టు తానెక్కడా వినలేదన్నాడు. ఆపడానికి ఏముందని?

"ఇంట్లో వంటకి అత్తకు జీతమిస్తున్నావా మామా?" అంది ఎండుచేపల పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "ఒకపూట మానెయ్యమని చెప్పనా?"

పాకంతా నవ్వింది. చావు కబురు విన్న గొంతులతోనే నవ్వారు. సమ్మె మామ కూడా నవ్వి, తన మిల్లు పాఠాలు మళ్ళీ మొదటినుంచీ చదువుకోవాలని ఒప్పుకున్నాడు.

అవార్డు రోజు వచ్చింది. అంతకుముందు కొన్నాళ్ళుగా ఒడ్డును ఎవరూ దువ్వలేదు. ఇసుక తన నిజస్వరూపం బయటపెట్టింది. ఎర్రటి నురగ, కడుపులు ఉబ్బిన చేపలు, రెక్క విరిగిన పక్షి. ఈ వాసన ఇన్నాళ్ళూ సంచుల్లో కట్టి పంపించామా అని ఆడవాళ్ళు ముక్కులు మూసుకోకుండా నిలబడ్డారు. దువ్వెనలన్నీ విజ్ఞాన కేంద్రం గోడకు ఆనించి ఉన్నాయి. బనీన్లు మడతపెట్టి గడపలో పెట్టారు.

సూపర్‌వైజర్ మొదట బతిమాలాడు. అక్కా అన్నాడు, అమ్మా అన్నాడు. తర్వాత గొంతు మార్చాడు. మీరేమన్నా ఉద్యోగులా, మీకు సమ్మె ఏమిటని అరిచాడు.

"కాదుగా" అంది మరదలు. "అయితే రమ్మని అడక్కు."

అంతలో దుమ్ము రేపుకుంటూ కార్లు వచ్చాయి. మెరిసే బూట్లు ఇసుకలోకి దిగి, వాసనకు అక్కడే ఆగిపోయాయి. వలలక్క ముందు నడిచింది. ఆ రోజు తమ్ముడు నడిచిన చోటునుంచే, పాకనుంచి సిమెంటు దిమ్మెకు తిన్నగా. ఇన్నాళ్ళూ ఇసుకకు భయపడిన మనిషి పాదం గట్టిగా నొక్కి పెట్టింది. వెనక మరదలు, ఆ వెనక పిన్ని, సమ్మె మామ, పడవలవాళ్ళు. చివరికి పెద్ద పడవాయన కూడా చెప్పులు విడిచి వరసలో కలిశాడు. నడుము లోతు ఎర్రనీళ్ళలోకి నడిచి, దిమ్మె కనపడే చోట నిలబడి, పైపు ఆపి, తవ్వి మా మనిషిని చూపించండని ఒక్క గొంతుతో అడిగారు. ఒళ్ళు మండింది. కళ్ళు మండాయి. మళ్ళీ మళ్ళీ అడిగారు.

మేడమ్ విజ్ఞాన కేంద్రం గడపలో నిలబడి ఉంది. వచ్చిన పెద్దమనిషి ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వీళ్ళు ఏం అడుగుతున్నారని ఆమెనే అడిగాడు. సూపర్‌వైజర్ ఏదో చెప్పబోయాడు. ఆమె అతన్ని చూడకుండా, ఆ పైపులో ఒక మనిషి ఉన్నాడని చెప్పింది. ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం పోయింది.

నీళ్ళలోంచి తిరిగొచ్చేసరికి పోలీసులు వచ్చి ఉన్నారు. నాయకురాలెవరని ఎస్సై అడిగాడు. వలలక్క ముందుకు వచ్చింది. ఒడ్డును పాడుచేసినందుకు కేసు పెడుతున్నానన్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఇసుకను చూపించింది. పెద్దవీ చిన్నవీ, లోతుగా దిగినవీ, నీళ్ళు నిండి మెరుస్తున్నవీ, ఆ మేరంతా అడుగులే.

"ఆనవాలు కావాలన్నారుగా సార్" అంది. "చూసుకోండి."

ఆమెను వ్యాను ఎక్కించారు. అది కదులుతుంటే జాలీలోంచి చూసింది. సూపర్‌వైజర్ గేటు కాపలావాళ్ళ చేతుల్లో దువ్వెనలు పెట్టి ఇసుకలోకి తోస్తున్నాడు. వాళ్ళు వంగి దువ్వుతున్నారు. దువ్విన చోటల్లా వాళ్ళ వెనకే మరదలు నడుస్తోంది. ఆమె వెనక ఊరు నడుస్తోంది. గీతలు పడుతున్నాయి, వాటి మీద మళ్ళీ అడుగులు పడుతున్నాయి. కాపలావాళ్ళలో ఒకడు నడుం పట్టుకుని ఆగి, దువ్వెనను ఇసుకలో పడేశాడు.

వలలక్క కళ్ళు చికిలించి చూసింది. నాలుగు వేళ్ళ పాదం కోసం వెతకలేదు. నీళ్ళవైపు పోయిన అడుగుల పక్కన, ఈసారి తిరిగొచ్చిన అడుగులు కూడా ఉన్నాయి.