రెండు రకాల కొళుప్పు

చారులతకు ఒళ్లు మండిపోతోంది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండే మనిషి, నెయ్యి మొహం చూసి ఎన్నాళ్లయిందో. అయినా డాక్టరు ఆమెకు కొళుప్పు జాస్తి అన్నాడు. తమిళంలో కొళుప్పంటే కొవ్వు. పొగరు కూడా కొళుప్పే. ఇక ఇంట్లోవాళ్లకు పండగే.

"మా కోడలికి కొళుప్పని డాక్టరే చెప్పినాడు" అంటూ అత్తగారు జానకమ్మాళ్ కారమడై గుడిదాకా చాటింపు వేసింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. గరిటెడు నెయ్యి లేనిదే ముద్ద దిగదు. స్కాను తీస్తే రక్తనాళాలు పడుచుపిల్లవి! చారులతవేమో నలభై ఆరేళ్లకే ముసలివైపోయాయి. ఎక్కడి న్యాయం ఇది?

భర్త దినకరన్ మేట్టుపాళయం నుంచి కూరగాయల లారీలు తిప్పుతాడు. డాక్టరు అతని భాషలోనే విడమరిచాడు. ఒంట్లో కొవ్వును మోసే బళ్లు రెండు రకాలట. ఒకటి సరుకు తెచ్చి దింపుతుంది, ఇంకోటి మిగిలింది ఎత్తుకుని కాలేయానికి తిరిగి చేరుస్తుంది. చారులత ఒంట్లో తెచ్చేవి మరీ ఎక్కువ, తీసుకెళ్లేవి తక్కువ. ఆ పేరుకున్నదే నాళాలకు ముసలితనం తెస్తోంది. ఇది వంశంలో దిగేది, కూతురికీ పరీక్ష చేయించండి అన్నాడు. చారులత తల్లి నలభై తొమ్మిదో ఏట వడ్డిస్తూ వడ్డిస్తూనే కూలిపోయింది. ఆవిడా సన్నమే.

దినకరన్ నవ్వాడు. "మన లారీ ఒకటి పంపిచ్చేదా?"

చారులత పళ్లు కొరుక్కుంటూ తనే కూతురు తులసిని తీసుకెళ్లి పరీక్షకు రక్తం ఇప్పించింది.

ఆ ల్యాబు ఫోను, తులసి పెళ్లిచూపులకు అవినాశి నుంచి వచ్చినవాళ్లు కాఫీ తాగుతుండగా మోగింది. జానకమ్మాళ్ నాళాలు పడుచువే గానీ చెవులు కావు. ఫోనెత్తి స్పీకరు పెట్టింది. "తులసికి కొళుప్పు రొంబ జాస్తి" అని హాలంతా వినపడింది.

పెళ్లికొడుకు తల్లి ధనమ్మాళ్ టంబ్లరు కింద పెట్టింది. "ఎవురు ఆ మాట అనేది?"

"ఏం లేదు... పిల్లకు కొంచెం పొగరు, సదువుకునింది గదా" అంది జానకమ్మాళ్ గబగబా. జబ్బు అనడంకన్నా పొగరు అనడమే నయమనిపించింది ఆవిడకు.

చారులత ముందుకొచ్చింది. ఇన్నాళ్లూ తన జబ్బును పొగరని నవ్వారు, మాత్ర వేసుకుంటే దండగన్నారు. ఇప్పుడు బిడ్డ ప్రాణాన్ని కూడా ఆ నవ్వులాటలోనే కలిపేస్తారా?

"పొగరు కాదత్తా, రక్తంలో కొవ్వు! మాయమ్మను సంపింది ఇదే. నాకుండాది, నా బిడ్డకుండాది. ఇప్పటినుంచే మాత్ర వేసుకుంటే బాగా బతుకుతాది. వేసుకోనిచ్చే ఇంటికే ఇస్తా, లేదంటే ఇయ్యను!"

దినకరన్ ఈసారి నవ్వలేదు. ధనమ్మాళ్ తులసి వైపు తిరిగింది.

"నువ్వే చెప్పు పాపా. జబ్బా, పొగరా?"

తులసి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"రెండూ ఉండాయత్తా. ఒకదానికే మందుండాది."