తమ్ముడి పేడగుంత

ఆస్తి పంచుకున్నప్పుడు గేదెలు మా తమ్ముడికి వెళ్లాయి, పేడగుంత నాకు మిగిలింది. నవ్వకండి, ఇంతకంటే చిత్రమైన పంపకాలు చూశాను. గేదెలు లేని గుంత నేనేం చేసుకోను, గుంత లేని గేదెలతో వాడేం చేస్తాడు? అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. వాడు రోజూ పొద్దున్నే బండెడు పేడ తెచ్చి నా గుంతలో పోయాలి. నేను దాన్ని చెత్తాకులతో పొరలు పొరలుగా పేర్చి, నీళ్లు చల్లి, తిరగేసి మాగబెట్టాలి. మాగిన ఎరువు ఇద్దరికీ చెరిసగం.

మాగడం తొందరపడితే అయ్యే పని కాదు. వాడేమో పుట్టు ఆత్రగాడు. పోయిన పంటకు, ఇంకా సెగలు కక్కుతున్న ఎరువును నేను వద్దంటున్నా వినకుండా ఎత్తుకుపోయి వంగనారుకు వేశాడు. నారంతా మాడిపోయింది.

"కావాలనే పచ్చి ఎరువు అంటగట్టావు," అన్నాడు.

"నీ కళ్లేమయ్యాయిరా?" అన్నాను. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

పేడ మాత్రం ఆగలేదు. బండి వచ్చి, గుంత దగ్గర ఖాళీ అయి వెళ్లిపోయేది. వాడు నా తలుపు వైపు చూసేవాడు కాదు. నేను కిటికీ పక్కన నిలబడి వాణ్ని చూసేదాన్ని. వెళ్లాక పార పట్టుకుని ఆ కుప్పనే పలకరించేదాన్ని. పల్చగా ఉంటే గేదెలు లేతగడ్డి ఎక్కువ మేశాయని, గింజలు అరక్కుండా వస్తే మా మరదలు దాణా దండిగా పెడుతోందని తెలిసేది. ఒకసారి అందులో మా మేనకోడలి చెప్పు దొరికింది. కడిగి కంచెకు తగిలించాను. మర్నాడు బండి వెళ్లాక చూస్తే చెప్పు లేదు. ఆ రోజంతా నాకు పండగే. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అయినవాళ్ల కబుర్లు నాకు తెలిసేది ఆ పేడలోంచే.

వానలకు ముందు ఒక పొద్దున గట్టు మీంచి చూస్తే, వాడు గేదెల షెడ్డు వెనక గుంత తవ్వుకుంటున్నాడు. సొంత గుంత ఉంటే ఇక బండి నా ఇంటికి ఎందుకొస్తుంది?

తర్వాత ఆ చోటు చూశాను. నేలంతా అటే వాలి ఉంది. షెడ్డు కడిగిన నీళ్లు వాటంతటవే వచ్చి పడతాయని వాడి తెలివి. వానొస్తే వాననీళ్లూ అక్కడికే వస్తాయి, ఎరువులో సారమంతా కొట్టుకుపోతుంది. పోతే పోనీ, ఏడాది తిరక్కుండా మళ్లీ నా గుంతకే వస్తాడు. నేను నోరు మూసుకుంటే చాలు. అది నాకు చేతకాని పనే గానీ, సాయంత్రం దాకా భేషుగ్గా చేశాను.

సాయంత్రం మా మేనకోడలు బిందె పట్టుకుని, ఆ గుంత పక్కనుంచే దిగువనున్న బావికి వెళ్లింది. ఆ ఇంటిల్లిపాదీ తాగేది ఆ నీళ్లే. ఇక కూర్చోలేకపోయాను.

"ఇక్కడొద్దురా," అన్నాను వాడి ఎదురుగా నిలబడి. "ఈ ఊటంతా బావిలోకి దిగుతుంది."

వాడు గడ్డపార ఆపాడు. గుంత వైపు, బావి వైపు చూసి నుదురు కొట్టుకున్నాడు.

"నిజమే అక్కా. నా బుర్రకు తట్టనే లేదు. మరెక్కడ తవ్వమంటావ్?"

అక్కా అనిపించుకుని ఎన్నాళ్లయిందో. ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. బావికి దూరంగా మెట్ట చోటు చూపించాను. అడుగున బంకమట్టి మెత్తమన్నాను, చుట్టూ గట్టు వేయమన్నాను, పైన పందిరి వేయమన్నాను. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాను.

వాడు తాడు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని కొలుస్తూ నవ్వాడు.

"పోనీలే అక్కా, ఇక పొద్దున్నే నా పేడతో నీకు చాకిరీ తప్పింది. హాయిగా పడుకో."

మనసారానే అన్నాడు, వెర్రి వెధవ.

"అవున్రా, ఇన్నాళ్లకు నా నడుముకు సుఖం," అన్నాను.

తాడు బిగించమన్నాడు. బిగించి పట్టుకున్నాను.