దిగంతాన పొగ

ఇంగ్లీషు నౌకాదళం జర్మన్ తీరం మీదికి వచ్చేస్తోందని విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవంతా నమ్మింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళు తగలబెడతారని ప్రతి నోటా అదే మాట. అది పంతొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరం అక్టోబరు చివర. ఒకపక్క బెర్లిన్‌లో సంధి మాటలు నడుస్తుండగానే ఈ రేవులోని యుద్ధనౌకలకు లంగరెత్తే ఆజ్ఞ వచ్చింది.

ఓడ అడుగున, బాయిలర్ పొయ్యి ముందు, హిన్నెర్క్ పార ఆగింది. బొగ్గు వేసేవాళ్ళు సముద్రం మీదే బతుకుతారు కాని సముద్రాన్ని చూడరు. పైనుంచి దిగిన మాటే వాళ్ళకు లోకం.

"ఆ ఇంగ్లీషోళ్ళను ఎవరైనా చూశారా?" అన్నాడు.

"చూడటమెందుకురా, లెఫ్టినెంటే చెప్పాడుగా," అన్నాడు ముసలి బ్రాండిస్. "మా ఆవిడ ఎమ్‌డెన్ రేవులో, ఈ తీరాన్నే, ఒంటరిగా ఉంది. పద, బొగ్గెయ్."

"అన్ని ఓడలు వస్తే ఆకాశం నల్లబడదా అన్నా? పొగ సంగతి మనకంటే ఎవడికి తెలుసు?"

"ఇంగ్లీషోళ్ళు బొగ్గు బదులు వైన్ పోసి నడుపుతున్నారేమోలే, మన ఆఫీసర్లలాగా!" అని ఎవరో అరిచారు. గదంతా నవ్వింది.

నవ్వు విని లెఫ్టినెంట్ దిగివచ్చాడు.

"పొగ ఎక్కడ కనబడింది దొరా?" అని హిన్నెర్క్ అడిగాడు.

చెంప ఛెళ్ళుమంది. "నీ పని పొయ్యి చూడటంరా, పందీ!"

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు. హిన్నెర్క్ చెంప తడుముకోలేదు.

"ఎవరూ రావట్లేదురా, మనల్నే వాళ్ళ మీదికి తోలుతున్నారు. పోగొట్టుకోకూడదని నాలుగేళ్ళు ఈ ఓడల్ని రేవులో దాచారు. ఓడిపోయాక, దొరల పరువు కోసం, మనతో సహా ముంచుతారట!"

పొయ్యి తలుపు తెరిచి, ఇనుప కొంకితో మండే బొగ్గును నేల మీదికి లాగాడు. అందరి చూపూ బ్రాండిస్ మీదే.

"వాళ్ళు నిజంగా వచ్చి, మా ఆవిడకేమైనా అయితే," అన్నాడు ముసలాయన, "నీ పీక నేనే పిసుకుతాను." రెండో కొంకి అందుకున్నాడు.

తర్వాత అందరూ అందుకున్నారు. నీళ్ళు పడి బొగ్గు బుసకొట్టింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు జారింది.

ఆఫీసర్లు పిలిపించిన పడవ ఒకటి పక్కకొచ్చి, ఫిరంగులను వాళ్ళ ఓడ వైపు తిప్పింది. అందులోంచి తుపాకులతో వచ్చిన సైనికులు బొగ్గువాళ్ళను ఒక్కొక్కరినే పైకి ఈడ్చి, చేతులు కట్టి నిలబెట్టారు. అవతలి ఓడలో బొగ్గువాళ్ళు పైకెక్కి వీళ్ళను చూశారు. "వదలండ్రా మా వాళ్ళని!" అంటూ కిందికి, తమ పొయ్యిలు ఆర్పడానికి పరుగెత్తారు. కాసేపటికి ఆ ఓడ చిమ్నీ పొగ సన్నబడింది. ఆపైన దాని పక్కది. యూరప్‌ను శాసించడానికి కట్టిన నౌకాదళం ఆవిరి లేక ఉన్నచోటే నిలిచిపోయింది.

బ్రాండిస్ ఇదేదీ చూడలేదు. వెలుతురుకు కళ్ళు చికిలించి, సముద్రం వైపే చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటి చాలాసేపయింది. మబ్బు విడిన దిగంతంలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా పొగ లేదు.