పోయినవాడికి బదులు

కహ్సాయ్ మూడో ట్రే పళ్లేలు యంత్రంలోకి తోసి, ఆవిరి తగలకుండా ముఖం తిప్పుకున్నాడు. శాండీఫోర్డ్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలకో కొత్త అంతస్తు తీసుకుంటోంది. క్యాంటీన్‌లో పళ్లేలు పెరిగాయి, కడిగే చేతులు మాత్రం ఆ రెండే. వేళ్ల చివర్లు నాని తెల్లబడ్డాయి. ఐదేళ్లలో ఒక్క నాగా లేదు.

వంటవాడు నరసింహది కరీంనగర్ వైపు. తీరిక చిక్కితే ఇద్దరూ వెనక మెట్ల మీద టీ తాగేవాళ్లు. ఓసారి పేర్ల మాట వచ్చింది. ఎరిత్రియాలో, కహ్సాయ్ వాళ్ల తిగ్రిన్యా భాషలో, పేరంటే ఇంటి సంగతి. తెస్ఫాయ్ అంటే నా ఆశ. బిర్హానె అంటే నా వెలుగు. కహ్సాయ్ అంటే నా పరిహారం. అన్న పోయిన ఏడాదికి పుట్టాడు. అమ్మ మళ్లీ అన్న పేరెత్తలేదు. కహ్సాయ్‌ని పిలిస్తే ఇద్దర్నీ పిలిచినట్టే.

నరసింహ టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"నాకంటే ముందు ఇద్దరు పోయారు బ్రదర్. చావు కూడా ముట్టుకోకూడదని నన్ను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అన్నారు. అమ్మకి ఇప్పటికీ పెంటయ్యనే."

ఒకడి గుట్టు ఒకడి దగ్గర. సమానమైన బేరమే అనుకున్నాడు కహ్సాయ్.

ఓ శుక్రవారం మధ్యాహ్నం ఎంగిలి పళ్లేలు ఏరడానికి హాల్లోకి వెళ్తే, గోడకి కొత్త బోర్డు. 'మన పేర్లు, వాటి కథలు.' నడిమధ్య అతని ఫోటో. కింద చనిపోయిన అన్న సంగతి, అమ్మ సంగతి, అంతా రాసి ఉంది.

తేజేశ్వర్ అనే ఇంజనీరు భుజం తట్టాడు. "కహ్సాయ్, మా ప్రాజెక్టు పోయింది. దానికీ నువ్వే పరిహారమా?"

బల్లంతా నవ్వింది. పక్క ఫోటో నరసింహది. 'సింహ రూపంలో వెలసిన దేవుడు.' అంతే.

కహ్సాయ్ వంటింట్లోకి వచ్చి స్టవ్ పక్కన నిలబడ్డాడు.

"నువ్వే చెప్పావా?"

"ఆఫీసు అమ్మాయి అడిగింది. మంచి కథ కదా! అందరూ గ్రాండ్ అన్నారు."

"మరి మీ అమ్మ పిలిచే పేరు?"

నరసింహ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అను బ్రదర్. వాళ్లు నవ్వుతారు."

కహ్సాయ్ యంత్రం దగ్గరికి వెళ్లాడు. మిగిలిన పళ్లేలన్నీ కడిగాడు, సింకు తుడిచాడు, గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చి లువాస్ ట్రామ్ ఎక్కాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం నరసింహ ఉప్పు కోసం అల్మరా తెరిచాడు. ప్రతి శుక్రవారంలాగే కహ్సాయ్ ఇద్దరికీ సరిపడా తెచ్చిన తీపిరొట్టె, తెల్లటి గుడ్డలో, ఏలకుల వాసనతో, ఇంకా కోయకుండానే ఉంది.