ఊపిరి తీసేసిన పాట

షిఫ్టు మారే వేళకి బట్టల ఫ్యాక్టరీ గేటు మైకులో పాట మొదలైంది. లోపలికి వెళ్ళేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ గొంతు అందరికీ తెలిసిందే. కిటికీలు తెరవమని, దుమ్ములో పెట్టి చంపొద్దని, ఏళ్ళ తరబడి ఆ గేటు ముందే నిలబడి అడిగిన గొంతు. అదే గొంతు ఇప్పుడు మైకులో,

"చల్లని నీడ ఇది, చక్కని తోడు ఇది
మా ఇంటి గడపే ఈ గేటు"

అని పాడుతోంది.

ఆ గొంతు గల మనిషి నా పక్కనే నిలబడి ఉంది. నోరు మూసుకుని.

ఆమెను అందరూ బొంగురు అంటారు. కాలర్లు కుట్టే లైనులో పని. దూది దుమ్ముకి గొంతు గీరుకుపోయి ఆ పేరొచ్చింది. ఆ గీరుకుపోయిన గొంతంటేనే జనానికి ఇష్టం. పాట విని ఆమె నా చెయ్యి పట్టుకుంది. 

"బాబాయ్, అది నేను కాదు."

అప్పటికే జనం మా వైపు తిరిగారు. ముందుకొచ్చింది పెద్దమ్మ. ఆ లైనులో అందరికంటే పాతమనిషి. బొంగురుకి మిషను మీద దారం ఎక్కించడం నేర్పిందీ ఆవిడే.

"ఎంతకి అమ్ముడుపోయావే?"

"నేను పాడలేదు పెద్దమ్మా."

"అది నీ గొంతు కాదూ?"

బొంగురు అబద్ధం ఆడలేదు. "గొంతు నాదే."

"గొంతు నీదే, పాడింది మాత్రం నువ్వు కాదు. మరెవరు, మీ అత్తగారా?"

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. తిట్టినా బాగుండేది. ఒకమ్మాయి "అందుకే మొన్న సూపర్‌వైజరు దీన్ని పలకరించాడు" అంది. ఇంకొకామె "ఇదే అటు పోయాక సోమవారం మనమెందుకు ఎండలో నిలబడాలి? మనకి పిల్లల్లేరా?" అంది.

సోమవారం పని ఆపాలని అందరూ కలిసి అనుకున్నారు. కిటికీలు తెరవాలి, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలి. అంతే అడిగేది. ముందు నిలబడి పాడాల్సింది బొంగురు. మైకులో ఒక్క పాటతో ఆమె పరువూ పోయింది, సోమవారమూ జారిపోయేలా ఉంది.

జనం చెదిరిపోయారు. ఆమె గేటు గట్టు మీద మరిచిపోయిన టిఫిను డబ్బాని ఒక పిల్ల తెచ్చి చేతికిచ్చింది.  మూత మీది దుమ్ము తన పైటతో తుడిచి మరీ ఇచ్చింది. ఆ పూటకి అదే చాలనుకున్నాను.

*

మా దళం సంగతి చెప్పాలి. దళం అంటే పెద్దగా ఊహించుకోకండి. డ్రమ్ము వాయించేది లారీ డ్రైవరన్న. పాటలు నెట్‌లో పెట్టేది ఒక కాలేజీ పిల్ల. పాడేది బొంగురు. వేణువు మా బావమరిది. రికార్డింగు నాది. మా ఇంటి నడిమి గది గోడలకి బొంతలు వేలాడదీసి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. ఆ బొంతలు నా భార్య కుట్టినవి. పాటలు కట్టిందీ, బొంగురు రాకముందు పాడిందీ, మమ్మల్నందర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టిందీ ఆవిడే. ఆవిడ పోయాక చాప మిగిలింది, మేము మిగిలాం.

ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి పాటనీ రెండు రకాలుగా పంచాలి. ఒకటి వాద్యాలతో. రెండోది వట్టి గొంతు. "ఇంకో గేటు దగ్గర వాళ్ళకి మన డ్రమ్మెందుకు? వాళ్ళ డ్రమ్ము వాళ్ళు వాయించుకుంటారు. మనం గొంతిస్తే చాలు" అనేది. పాట దాచుకునేది కాదని ఆవిడ నమ్మకం. మమ్మల్ని ముంచింది సరిగ్గా ఆ మంచితనమే.

పాటలు ఎక్కడ పెట్టాలన్నది మేము ఆషామాషీగా తేల్చుకోలేదు. ఒక ఆదివారమంతా కొట్టుకున్నాం.

"పెద్ద యాప్‌లో పెడదాం. లోకమంతా వింటుంది" అన్నాడు డ్రైవరన్న.

"లోకం వింటుందన్నా, రెండు షాంపూ ప్రకటనల మధ్య" అంది కాలేజీ పిల్ల. "పైగా ఏ యజమానో ఒక్క ఫిర్యాదు పెడితే పాట గల్లంతు."

"అవన్నీ నాకు తెలీదు" అంది బొంగురు. "మా లైనులో పిల్లలు బస్సులో నిలబడి వినగలగాలి. నెట్టు బాగా లేకపోయినా రావాలి. ఎక్కడ వస్తే అక్కడ పెట్టండి."

అప్పుడు మా బావమరిది నోరు విప్పాడు. చావడి అనే కొత్త యాప్‌లో వాడికి ఉద్యోగం వచ్చి కొన్ని నెలలైంది. "చావడి మనది బావా. పాటగాళ్ళే కట్టుకున్నది. ప్రకటనలుండవు. ఎవడూ తీసేయమనలేడు. బస్సులోనూ వస్తుంది" అన్నాడు.

వాడిని నా భార్య చంకనెత్తుకుని పెంచింది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నర్సుల్ని బతిమాలి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వినీవినపడనట్టు వేణువు వాయించేవాడు. అలాంటి వాడు చెప్పాక ఇంకేం అడుగుతాం? అందరం చెయ్యెత్తాం.

వాడు అడిగింది ఒక్కటే. "వట్టి గొంతు ఫైళ్ళు శుభ్రంగా కావాలి బావా. మధ్యలో దగ్గులూ, ఊపిరి తీసిన చప్పుళ్ళూ ఉండకూడదు. నేర్చుకునేవాళ్ళకి సుళువవుతుంది."

నేను కూర్చుని, నా భార్య పాడిన పాతవాటితో సహా, ఒక్కొక్కటే కోసేశాను. ఏ పాటలోనైనా మూడో పాదానికి ముందు బొంగురు దగ్గుతుంది. నిలువునా ఊగిపోతుంది. ఆ దగ్గులన్నీ తీసేస్తుంటే వెనక నుంచి చూసి నవ్వింది. "అదే కత్తెరతో నా రోగం కూడా కత్తిరించు బాబాయ్."

*

గేటు దగ్గర గొడవైన మర్నాడు అందరం చాప మీద చేరాం. బొంగురు గోడకి ఆనుకుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. కాలేజీ పిల్ల ఫోను మాకు చూపిస్తూ చెప్పింది.

"చావడిని ఎప్పుడో పెద్ద కంపెనీకి అమ్మేశారు. తర్వాత షరతులు మార్చారు. 'ఒప్పుకుంటున్నాను' అన్నచోట నేనే నొక్కాను. అది నొక్కకపోతే పాట ఎక్కదు. ఇప్పుడు మన వట్టి గొంతులు పెట్టి మిషనుకి పాట నేర్పారు. ఎవడైనా వచ్చి మాటలిస్తే చాలు, అక్క గొంతుతో పాడి ఇస్తుంది. ఫ్యాక్టరీ వాడు అద్దెకి తీసుకున్నాడు."

"గొంతు అద్దెకా?" అన్నాడు డ్రైవరన్న. "లారీలా?"

"లారీకైనా డ్రైవరు కావాలి కదన్నా. దీనికి అక్క కూడా అక్కర్లేదు."

డ్రైవరన్న నా వైపు తిరిగాడు. "మీ ఇంటి మనిషే కదయ్యా! మీ బావమరిది చెప్పాడనే కదా చెయ్యెత్తాం!"

 బొంగురు తలెత్తింది.

"ఆయన్నంటావేంటన్నా? చెయ్యి నువ్వెత్తలేదా? నేనెత్తలేదా?"

"మరి ఇప్పుడేం చేద్దాం? ఇంకో యాప్‌కి మారదామా?"

"ఇల్లు మారినా తాళంచెవి ఇంటివాడి దగ్గరే ఉంటుంది" అంది ఆమె. "ముందు వాడెవడో చూసి మారదాం."

"అన్నిచోట్లా పెడదాం. ఎక్కడా కాపురం మాత్రం పెట్టొద్దు" అంది కాలేజీ పిల్ల. "ఒకడు తలుపు మూస్తే ఇంకోచోట వినపడాలి. వట్టి గొంతు మాత్రం ఇంకెవడికీ ఇవ్వొద్దు."

"అంటే పక్క గేటు వాళ్ళకి పాట ఇవ్వొద్దా?" అన్నాను. నా భార్య పద్ధతి నాకు అడ్డొచ్చింది.

"మనిషే వెళ్ళి నేర్పాలి బాబాయ్" అంది బొంగురు. "ముందు మా గేటువాళ్ళు నన్ను నమ్మాలి కదా. పెద్దమ్మ నా మొహం చూడట్లేదు. నా స్టూలు తీసి లైను చివర పెట్టారు. నాకిప్పుడు యాప్ కాదు కావలసింది, మా లైను."

*

మా బావమరిది మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. చాప మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. అలా కూర్చోగలిగినందుకు నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"నా చేతిలో ఏం లేదు బావా."

"దగ్గులు తీసేయమన్నది నువ్వేగా."

తల వంచుకున్నాడు.

"అప్పటికే తెలుసా?"

"తెలుసు."

బొంతల మీద అక్క వేసిన కుట్లకేసి చూస్తూ అన్నాడు ఆ మాట.

వాడొచ్చింది క్షమాపణకి కాదు. కోయకముందు నేను చేసిన రికార్డింగులు, దగ్గులతో, ఊపిరితో ఉన్నవి, కంపెనీకి కావాలట. అవి బయటుంటే రేపెవడైనా ఇది మనిషి గొంతు, అది మిషను గొంతని పక్కపక్కన పెట్టి చూపిస్తాడని భయం.

"ఊరికే అడగట్లేదు బావా" అంటూ ఫోనులో ఏదో నొక్కాడు.

నా భార్య పాడింది.

ఆవిడ ఎన్నడూ పాడని పాట. కానీ ఆవిడే. పదం చివర కాస్త సాగదీసే అలవాటుతో సహా ఆవిడే. నేను పాటంతా విన్నాను. వినకుండా ఉండగలిగానని మీకు చెప్పలేను.

"రోజూ పాడుతుంది బావా. నువ్వు ఏ పాట అడిగితే ఆ పాట. ఆ ఫైళ్ళిచ్చెయ్. సోమవారం గేటుకి వెళ్ళకు. అంతే."

"మొదటి చరణం కాగానే మీ అక్క నవ్వేది" అన్నాను. "నేను మీట నొక్కడం మరిచిపోయి వింటూ కూర్చుంటానని. గుర్తుందా?"

వాడి మొహం వెలిగింది. "అది కూడా పెట్టించొచ్చు బావా. నవ్వు కూడా."

నేను లేచి తలుపు తీశాను. వాడి చెప్పులు ఎండలో మాడుతున్నాయి. వాటిని కాలితో నీడలోకి జరిపాను. ఎందుకు జరిపానో నాకు తెలియదు.

"తొడుక్కుని వెళ్ళు. ఈ చాప మీద ఇంక కూర్చోకు."

ఆ పాటని నా ఫోనుకి కూడా పంపి వెళ్ళాడు. దాన్ని తుడిచెయ్యలేకపోయాను. మళ్ళీ వినలేదు కూడా.

*

సోమవారం పొద్దున గేటు ముందు జనం ఉన్నారు. కానీ గుంపుగా లేరు. ముగ్గురిక్కడ, నలుగురక్కడ, చెట్టాపట్టాలు వదిలేసిన పిల్లల్లా ఉన్నారు. సగంమంది లోపలికి పోదామా అన్నట్టు చూస్తున్నారు. పోలీసు వ్యాను అప్పటికే వచ్చి ఉంది. మైకులో అదే పాట ఆగకుండా తిరుగుతోంది.

డ్రైవరన్న లారీ తెచ్చి అడ్డంగా పెట్టాడు. బొంగురు ఎక్కింది.

"దిగవే! మైకులో పాడింది చాల్లేదా?" ఎవరో అరిచారు.

మా దగ్గరున్న పాత రికార్డింగు వినిపించాలని నేను స్పీకరు పట్టుకెళ్ళాను. బొంగురు వద్దని చెయ్యి ఊపింది. ఊరికే పాట మొదలుపెట్టింది. స్పీకరు లేదు, డ్రమ్ము లేదు.

"తెరవండి కిటికీ తెరవండి
దారాల దుమ్ములో దాగింది పొద్దు"

మూడో పాదానికి ముందు దగ్గు వచ్చింది. లారీ చెక్క పట్టుకుని వంగిపోయి దగ్గింది. గాలి లోపలికి లాగిన చప్పుడు కింద నిలబడ్డ నాకు వినపడింది. పైన మైకులో మిషను గొంతు మాత్రం ఎక్కడా ఆగకుండా చల్లని నీడ, చక్కని తోడు అంటూ సాగిపోతోంది.

పెద్దమ్మ చెయ్యెత్తింది. "ఉండండే. నోళ్ళు మూయండి కాసేపు."

మైకు వైపు చెవి పెట్టి విన్నది. తర్వాత లారీ వైపు చూసింది.

"అది ఊపిరి తీసుకోవట్లేదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ గొంతు పెంచింది. "అది ఊపిరే తీసుకోవట్లేదే! ఈ దుమ్ము తిన్నది ఎవతైనా అలా ఆగకుండా పాడగలదా? నువ్వు పాడగలవా? నేను పాడగలనా?" అని ఆవిడే దగ్గింది. ఆవిడ పక్కనున్నామె దగ్గింది. అదొక అల లాగా వెనక్కి పోయింది. నవ్వుకుంటూ దగ్గినవాళ్ళున్నారు, కళ్ళు తుడుచుకుంటూ దగ్గినవాళ్ళున్నారు.

పెద్దమ్మ లారీ పక్కకొచ్చి పైకి చెయ్యి చాచింది. "మూడో పాదం మిగిలిపోయింది కదే బొంగురూ. కానియ్."

మూడో పాదం బొంగురు పాడలేదు. గేటంతా పాడింది.

"మా వంతు గాలిని మాకివ్వండి!"

కాలేజీ పిల్ల ఫోను ఎత్తింది. ఆమెని చూసి వందల ఫోన్లు లేచాయి. లారీ ఇంజను చప్పుడు, దగ్గులు, తాళం తప్పిన చప్పట్లు, పోలీసు ఈల అన్నీ అందులో పడ్డాయి. "ఇందులోంచి ఒక్క గొంతు విడదీయమను చూద్దాం!" అని ఆ పిల్ల అరుస్తోంది. ఆ రోజు ఒక్కరూ గేటు లోపలికి వెళ్ళలేదు.

పోలీసులు ముందు బొంగురుని దించారు. తర్వాత డ్రైవరన్నని. నన్ను "పెద్దాయన, నెమ్మది" అంటూనే వ్యాను ఎక్కించారు. వ్యాను చుట్టూ జనం. వాళ్ళకి అవతల, రోడ్డు వారన నిలబడ్డవాళ్ళలో మా బావమరిది కనిపించాడు. ఫోను ఎత్తలేదు. పాడలేదు. పెదవులు మాత్రం కదిలినట్టనిపించింది. ఆ పాట వాళ్ళక్క కట్టిందే. వేణువు వరస వాడిదే. నేను తల తిప్పుకున్నాను.

వ్యానులో బొంగురుకి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఎదురుగా కూర్చున్న కానిస్టేబులు కాసేపు చూశాడు. లేచి, బిగుసుకుపోయిన కిటికీ అద్దాన్ని రెండు చేతులా లాగి తెరిచాడు. గాలి వచ్చింది. గాలితోపాటు పాట వచ్చింది.

కాలేజీ పిల్ల వ్యాను పక్కనే పరిగెత్తుతోంది. "అక్కా! ఎక్కడ పెట్టమంటావు? ఏ యాప్‌లో?"

బొంగురు కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఎక్కడైనా పెట్టవే! దగ్గు మాత్రం తీయనివ్వకు!"