ఊరికే వచ్చే ప్రింటర్

వెయ్యి వాట్లంటే మాటలా, బోధన్‌లో దసరాకు కట్టే మైకులకైనా అంత ఉంటుందో లేదో, ఈ రెండు స్పీకర్లు చూస్తే మా ఆయన టిఫిన్ డబ్బా అంత కూడా లేవు, అయినా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసే రామ్‌దాస్, చెరుకు బండిని చూసి బరువు చెప్పే మనిషి, ఆయనే ఊపుతున్నాడంటే నిజమే అయి ఉంటుందని నేనూ ఊపాను, షాపు సిద్దిరాములు మాత్రం నా వైపు చూడనే లేదు, సూడుండ్రి సార్, గీ కంప్యూటర్ తీస్కుంటే ప్రింటర్ ఫ్రీ, ఇయ్యాల పొద్దుమీకెదాకనే ఆఫర్ అని ఆయనకే చెబుతున్నాడు, ఇందాక నిజామాబాద్ బస్టాండులో దిగి వస్తుంటే షాపు ముందు కట్టిన గుడ్డ మీద అదే మాట చదివాను, ఎర్ర అక్షరాలు వెలిసి గులాబీ రంగుకు వచ్చాయి, ఒక్కరోజు ఎండకే అంత వెలుస్తుందా, అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఇంతలో సిద్దిరాములు ఒక నల్లటి అద్దం తీశాడు, టీవీ లెక్క కాదు సార్, గిది కంప్యూటర్ తెరకు పెట్టకుంటే కండ్లు ఖరాబైతయి అన్నాడు, మా ఆయన ఆ అద్దంలోంచి నన్ను చూసి, అవునవును, మస్తు తేడా ఉన్నది అన్నాడు, ఏం తేడానో, నేను నల్లగా కనబడి ఉంటాను, నవ్వొచ్చింది, కానీ అప్పుడే సిద్దిరాములు ఒక పెండ్లి పత్రిక తెచ్చి బల్ల మీద పెట్టాడు, బంగారు రంగు వినాయకుడు, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు, ఇంట్లనే గిట్ల కొట్టుకోవచ్చు సార్ అన్నాడు, నా నవ్వు ఆగిపోయింది, నాకు కావలసింది అదే, పెండ్లికి ముందు తెలుగు టైపు పరీక్ష పాసైన వేళ్లు ఇవి, ఇన్నేళ్లూ బియ్యంలో రాళ్లేరాయి, ఇంట్లో కూర్చుని పత్రికలు కొడితే మాఘమాసంలో బోధన్ సగం నా గుమ్మం ముందే ఉంటుంది, అన్నా, ఒక్కటి నా ముందల కొట్టి సూపెట్టు అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ప్రింటర్ సీల్ తియ్యొద్దక్కా, సార్‌కు అన్నీ ఎర్కే గదా అన్నాడు సిద్దిరాములు, మా ఆయన నా మోచేయి తాకి, ఊకో రాధా, ఏమనుకుంటడు అని గొణిగాడు, సార్‌కు ఎర్క ఉండొచ్చు, నాకైతే తెల్వదన్నా, తెలిస్తే ఎందుకడుగుత అన్నాను, మరేదో చెప్పబోయాడు, మళ్లీ తెల్వదన్నాను, తెల్వదన్న మనిషికి ఏం చెప్పాలో పాపం అతనికి తెలియలేదు, చివరికి సీల్ విప్పాడు, నేను కీబోర్డు మీద బోధన్ అని కొట్టాను, వేళ్లకు ఇంకా గుర్తుంది, తెర మీద మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి, తెలుగు ఏరే ఏసుకోవాలె అన్నాడు మెల్లగా, కాగితం మీద అవీ సగమే వచ్చి పాలిపోయాయి, ఫ్రీ దాంట్ల రంగు కొంచెమే పోస్తరట, మరి గా పత్రిక అంటే, గది హైదరాబాద్‌ల కొట్టిచ్చిందక్కా అని తనే నవ్వేశాడు, నేనూ నవ్వాను.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు, అన్నా, నాక్కూడ తెల్వదు గని, గీ వెయ్యి వాట్లంటే ఏంది అని అడిగాడు, చెవులు ఎర్రబడ్డాయి, ఏమో సార్, డబ్బా మీద అట్లనే రాసొస్తది అన్నాడు సిద్దిరాములు, ఇక ముగ్గురం పడి నవ్వాం, అద్దం లోపలికి పోయింది, స్పీకర్లూ పోయాయి, తెలుగు అక్షరాలు వేసి, నిండు రంగున్న వేరే ప్రింటర్ ఇచ్చి, నా ముందు పత్రిక కొట్టి చూపించాకే కొంటామని చెప్పాను, అలాగే చేశాడు, నేను టైపు చేసిన పత్రిక బయటికొచ్చింది, ఆ వినాయకుడంత మెరవలేదు గాని, అక్షరాలు నావి.

ఇప్పుడు బోధన్ బస్సులో కంప్యూటర్ పెట్టె మా ఇద్దరి మోకాళ్ల మీద ఉంది, గుంత వస్తే చాలు ఇద్దరం ఒకేసారి గట్టిగా పట్టుకుంటున్నాం, దీన్ని రేపు ఎట్ల స్టార్ట్ చేసుడు అని ఆయన మెల్లగా అడిగాడు, నాక్కూడ తెల్వదు అన్నాను, ఆయన హాయిగా వెనక్కి వాలాడు, ఇన్నేళ్లు ఆయనకు అన్నీ తెలుసని నేను నోరు మూసుకున్నాను, నేను అలా అనుకుంటున్నానని ఆయన తల ఊపుతూ వచ్చాడు, పాపం, ఎంత నొప్పి పుట్టిందో ఆ మెడ.