గోడమీది లైసెన్సు

నేను ఒక సర్వర్‌ని. కాకినాడలో, కష్టాల్లో ఉన్న ఆడవాళ్ళకి సలహా చెప్పే ఒక చిన్న సంస్థలో, బీరువాకీ కిటికీకీ మధ్య ఉంటాను. ఎక్కడ తయారయ్యానో నా వీపు మీద అచ్చువేసి ఉంది గాని, ఇప్పుడది దుమ్ములో కనబడదు. మొదట ఒక బట్టల కొట్టువాళ్ళ దగ్గర చీరల బొమ్మలు చూపించేదాన్ని. వాళ్ళు కొత్తది కొనుక్కుని నన్ను ఇక్కడికి దానమిచ్చారు. ఇస్తున్నప్పుడు ఫొటో తీయించుకున్నారు. అందులో నేను సగమే పడ్డాను.

ఇక్కడ నా పని ఉత్తరాలు అందుకోవడం. ఆడవాళ్ళు ఫోన్లలో మా వెబ్‌సైటు తెరిచి, పేరు చెప్పకుండా రాస్తారు. దారిలో ఎవరూ చదవకుండా ఆ మాటలకి తాళం వేసే ప్రోగ్రాము నాలో ఉంది. దాని లైసెన్సు కాగితం వచ్చిన రోజున కార్యదర్శి పేరిందేవి గారు అద్దం కట్టించి గోడకి తగిలించారు. ఏటా దసరాకి దానికి బొట్టు పెడతారు. చదివినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఒకామె రాసేది. "అత్తగారు పడుకున్నారండీ, పావుగంటే టైము" అని మొదలుపెట్టేది. భర్త కొడతాడని చెప్పడానికి ఆమెకి పదకొండు ఉత్తరాలు పట్టింది. జవాబులు రాసే హైమవతి, "వచ్చేయమ్మా, ఉండడానికి చోటు చూస్తాం" అని రాసింది. "ఎలా రావాలో సోమవారం అడుగుతానండీ" అందామె.

ఆ శనివారమే నా తాళం పాతబడిపోయిందని తేలింది. మా పేజీ తెరిస్తే చాలు, ఫోన్లలో ఎర్రగా హెచ్చరిక: ఇక్కడ మీరు రాసింది ఇతరులు చదవవచ్చు.

ఆ ప్రోగ్రాము చేసినవాళ్ళు పంపిన కొత్త తాళం సిద్ధంగానే ఉంది. లాయరు కొండలరావు గారే అడ్డుపడ్డారు. "ఆ పద్ధతి మీద వేరే కంపెనీకి పేటెంటు ఉందమ్మా. అనుమతి లేకుండా వాడితే కేసేస్తారు."

"ఈలోగా ఆ ఆడవాళ్ళెవరికి చెప్పుకుంటారండీ?" అంది హైమవతి.

"అది చట్టం చూడదు తల్లీ."

అనుమతి కోరుతూ ఉత్తరం వెళ్ళింది. నాలుగు నెలలు జవాబు లేదు. నా దగ్గరికి రావడం అందరూ మానేశారు. మూడవుతుంది, నాలుగవుతుంది, నా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు సరిగ్గా మూడింటికి ఎవరో పేజీ దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయారు.

దసరా ముందు దుమ్ము దులుపుతూ హైమవతి ఆ లైసెన్సు పటం దించింది. లోపలికి చెమ్మ దిగిందని అద్దం ఊడదీసింది. కాగితం వెనక కూడా అచ్చు ఉంది. నిలబడే చదివింది. ఈ ప్రోగ్రాముకి ఇకమీదట వచ్చే మార్పులకీ, వాటిలో వేరే కంపెనీల పేటెంట్లుంటే ముందే ఒప్పందం చేసుకుని వాటికీ, అనుమతి ఇందులోనే కలిపి ఇచ్చారట.

"పేరిందేవి గారూ! ఇన్నేళ్ళూ ముందు బొట్టు పెట్టాం గానీ, వెనక్కి తిప్పి చూళ్ళేదండీ!"

పేరిందేవి గారు కళ్ళజోడు వెతుక్కున్నారు. కబురందుకుని వచ్చిన లాయరు గారు, "వెనకవైపు నాకెవరూ చూపించలేదు కదమ్మా" అన్నారు. ఆ సాయంత్రమే నాకు కొత్త తాళం పడింది.

ఇప్పుడు ఎర్ర హెచ్చరిక లేదు. పటం మళ్ళీ గోడెక్కింది, ఈసారి వెనకవైపు కనబడేలా. ఉత్తరాలు వస్తున్నాయి, పదింటికో, అయిదింటికో. మూడింటికి మాత్రం హైమవతి టీ పక్కన పెట్టేసి నా ముందు కూర్చుంటుంది. మూడింటికి రాసే ఆమె పేరు మాకు తెలియదు. అడగకపోవడం ఇక్కడి పద్ధతి.

ఆ సోమవారం ఆమె అడగబోయే ప్రశ్నకి హైమవతి ముందే జవాబు రాసిపెట్టింది. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, స్టాండులో ఎదురుచూసే మనిషి ఏ రంగు చీరలో ఉంటుందో. అది ఇంకా నా దగ్గరే ఉంది.